రెండు బండ్ల మధ్య గంట: దక్షిణ ఇంగ్లండ్‌లో చిన్న స్టేషన్లూ, సముద్రపు స్టేషన్లూ చూసే పద్ధతి

లండన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు సముద్రం అనగానే గుర్తొచ్చేది బ్రైటన్. పొద్దున బండెక్కి, జనంతో పాటు క్వీన్స్ రోడ్డు మీదుగా కిందికి దిగి, సముద్రంలోకి చొచ్చుకెళ్లే వంతెన లాంటి పియర్ మీద ఫొటోలు తీసుకుని, సాయంత్రం అలసిపోయి అదే స్టేషన్‌కి తిరిగొస్తారు. అదీ మంచి రోజే. కానీ అక్కడికి అరగంట దూరంలో మీరు తప్ప ఇంకెవరూ దిగని స్టేషన్లు ఉన్నాయి. దిగి కాస్త నడిస్తే అలకు గులకరాళ్లు దొర్లే చప్పుడు వినిపిస్తుంది. బండి వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద గాలి, పక్షులు, మీరు. అంతే.

ఆ స్టేషన్లు చూడాలంటే టైంటేబుల్‌లో బండ్లతో పాటు ఖాళీలు కూడా చూడటం నేర్చుకోవాలి. ఒక బండి వెళ్లాక తర్వాతి బండి వచ్చేదాకా దొరికే అరగంటో గంటో ఉంటుంది కదా, రోజంతా దాని చుట్టూ అల్లుకోవాలి. చదువుకోవడానికి వచ్చినవాళ్లు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించుకున్నవాళ్లు, ఎవరైనా చేయగలిగేలా ఒక్కో అడుగూ చెప్తాను.

మొదటి అడుగు: రోజుకు ఒక్క లైను

ముందు ఏ వైపు వెళ్లాలో తేల్చుకోండి. ససెక్స్ తీరానికి విక్టోరియా, లండన్ బ్రిడ్జ్ నుంచి బండ్లు ఉంటాయి. కెంట్ తీరానికి సెయింట్ పాంక్రాస్, చారింగ్ క్రాస్, విక్టోరియా. హాంప్‌షైర్, డోర్సెట్ వైపు వాటర్లూ. డెవన్, కార్న్‌వాల్ వైపు పాడింగ్టన్. ఒక్క రోజులో రెండు వైపులూ తిరగాలనుకుంటే రోజంతా బండ్లలోనే గడిచిపోతుంది.

తర్వాత ఆ వైపున్న బ్రాంచ్ లైన్లు, అంటే పెద్ద లైను నుంచి చీలిపోయే చిన్న లైన్లు చూడండి. 1963లో బ్రిటిష్ రైల్వేల ఛైర్మన్ రిచర్డ్ బీచింగ్ ఇచ్చిన నివేదిక బ్రిటన్ మొత్తం మీద 2,363 స్టేషన్లు మూసేయమంది. తర్వాతి సంవత్సరాల్లో సముద్రతీరపు చిన్న లైన్లు చాలా పోయాయి. దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న వైట్ (Wight) ద్వీపంలో వెంట్నర్‌కి వెళ్లే లైను 1966లో, డోర్సెట్‌లో స్వానేజ్ లైను 1972లో మూతపడ్డాయి. కార్న్‌వాల్‌లో సెయింట్ ఐవ్స్, లూ లైన్లు కూడా మూసేయాల్సిన జాబితాలోనే ఉండి చివరికి బతికాయి. ఇవాళ మనం ఎక్కే చిన్న లైన్లలో చాలా అలా గండం గడిచి మిగిలినవే. అందుకే వాటిని చూస్తే నాకు అంత ఇష్టం.

మొదటిసారికి మూడు సంగతులు సరిచూసుకోండి. కనీసం గంటకొక బండి ఉండాలి. పక్కపక్క స్టేషన్లు రెండింటి మధ్య నడవగలిగే దారి ఉండాలి. చివరి స్టేషన్ నుంచి సముద్రం నడిచే దూరంలో ఉండాలి. ఈ మూడూ కుదిరే లైను లండన్‌కి దగ్గర్లో ఒకటుంది: తూర్పు ససెక్స్‌లో లూయిస్ నుంచి సీఫర్డ్‌కి వెళ్లేది. కింద దాన్నే వివరంగా నడిపించి చూపిస్తాను.

పేర్లు పలికే తీరు కూడా ముందే తెలుసుకుంటే మంచిది. స్పెల్లింగు చూసి ‘లెవెస్’ అనుకుంటాం, వాళ్లు ‘లూయిస్’ అంటారు. డెవన్‌లో ‘టేన్‌మౌత్’లా కనిపించేది ‘టిన్‌మత్’. ఒకే స్పెల్లింగుతో రెండు ఊళ్లు కూడా ఉన్నాయి: కెంట్‌లోది ‘జిల్లింగమ్’, డోర్సెట్‌లోది ‘గిల్లింగమ్’. రై అనే ఊరు తూర్పు ససెక్స్‌లో ఉంది, రైడ్ అనేది వైట్ ద్వీపంలో. టికెట్టు కొనేటప్పుడు ఒక్క అక్షరం తేడా వస్తే ఇంకో తీరానికి వెళ్తారు.

రెండో అడుగు: మధ్యలో దిగనిచ్చే టికెట్టు

మనకు నెలల ముందు రిజర్వేషన్ చేయించుకోవడం అలవాటు. ఇక్కడ ససెక్స్ తీరపు బండ్లలో రిజర్వేషనే లేదు, ఖాళీ సీటు కనబడితే కూర్చోవడమే. ముందుగా కొంటే చవగ్గా వచ్చే ‘అడ్వాన్స్’ టికెట్లు దూరపు ప్రయాణాలకు బాగుంటాయి, కానీ వాటితో దారిలో దిగి తిరగడం కుదరదు. ఏ బండికి కొన్నారో ఆ బండే ఎక్కాలి. స్టేషన్లు చూసేవాళ్లకు ‘ఆఫ్-పీక్ రిటర్న్’ సరిపోతుంది. మామూలుగా వారం మధ్యలో పొద్దుటి రద్దీ తగ్గాక, శని ఆదివారాల్లో రోజంతా అది పనికొస్తుంది. దారిలో దిగి మళ్లీ ఎక్కడానికి కూడా సాధారణంగా ఒప్పుకుంటారు. కొన్ని టికెట్లకు ఆంక్షలు ఉంటాయి కాబట్టి కౌంటర్‌లో ‘బ్రేక్ ఆఫ్ జర్నీ’ చేయొచ్చా అని ఒక్క మాట అడగండి. ఆ మాట వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

లండన్ నుంచి చివరి స్టేషన్‌కి టికెట్టు కొంటే దారిలోవన్నీ అందులోనే వచ్చేస్తాయి. స్టేషన్ స్టేషన్‌కీ విడివిడిగా కొనక్కర్లేదు.

తగ్గింపులు వదులుకోకండి. ఆగ్నేయ ప్రాంతంలో ‘నెట్‌వర్క్ రైల్‌కార్డ్’ ఉంటే కార్డుదారుతో పాటు వచ్చే మరో ముగ్గురు పెద్దలకు కూడా టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. వారం మధ్యలో అయితే పది గంటల తర్వాతే. కార్డు లేకపోయినా ముగ్గురి నుంచి తొమ్మిది మంది దాకా కలిసి వెళ్తే ‘గ్రూప్‌సేవ్’ కింద ఆఫ్-పీక్ టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. దక్షిణాదిన చాలా రైల్వే కంపెనీల్లో ఇది ఉంది. 60 దాటిన అమ్మానాన్నలకు సీనియర్ రైల్‌కార్డ్ ఉంది. అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు, 5 నుంచి 15 ఏళ్ల వారికి సగం.

చిన్న స్టేషన్లలో గేట్లు ఉండవు, మనుషులు ఉండరు. అలాగని టికెట్టు లేకుండా ఎక్కొద్దు. 2023 జనవరి నుంచి పెనాల్టీ 100 పౌండ్లు, దాని పైన టికెట్టు ధర. స్టేషన్‌లోని మెషీన్ పనిచేయకపోతే దాని స్క్రీన్ ఫొటో తీసుకుని, బండిలో సిబ్బంది కనబడగానే మీరే వెళ్లి చెప్పండి.

మూడో అడుగు: టైంటేబుల్ చదవడం

నేషనల్ రైల్ ఎంక్వైరీస్ యాప్ ఫోన్లో ఉంటే చాలావరకు సరిపోతుంది. బండి ఇప్పుడు ఎక్కడుందో, ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో తెలుసుకోవడానికి రియల్‌టైమ్ ట్రైన్స్ అనే వెబ్‌సైట్ బాగుంటుంది. వెళ్లే ముందు రోజు రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి చూసుకోండి. శని ఆదివారాల్లో పట్టాల మరమ్మతులు పెట్టుకుని బండ్లకు బదులు బస్సులు వేస్తుంటారు. ఆ రోజున ఈ తిరుగుడు పెట్టుకోకపోవడమే మంచిది. డిసెంబరు 25న అసలు బండ్లే ఉండవు.

ముందురోజు ఒక కాగితం మీద నిలువుగా స్టేషన్ల పేర్లు రాసుకోండి. ఒక్కో దాని పక్కన మీరు దిగే టైం, మళ్లీ ఎక్కే టైం, దాని తర్వాతి బండి టైం, ఈ మూడూ వేసుకోండి. మూడో అంకె ముఖ్యం. ఒక బండి తప్పితే ఎంతసేపు ఆగాలో తెలిస్తే టెన్షన్ ఉండదు. చాలా చిన్న స్టేషన్లలో ప్రతి బండీ ఆగదని గుర్తుంచుకోండి.

ఇంకో విషయం మనకు కొత్తగా ఉంటుంది. ఇక్కడ కొన్ని బండ్లు దారిలో రెండుగా విడిపోతాయి. విక్టోరియా నుంచి వచ్చే కొన్ని బండ్లలో హేవర్డ్స్ హీత్ దగ్గర ముందు పెట్టెలు ఒక దారిన, వెనక పెట్టెలు ఇంకో దారిన పోతాయి. మొదటిసారి నేను అనౌన్స్‌మెంట్ సరిగా వినకుండా కూర్చుని లూయిస్‌కి బదులు ససెక్స్‌లోనే పడమటి వైపు తీరంలో తేలాను. పెట్టెలోని స్క్రీన్ మీద ఆ పెట్టె ఎక్కడికి వెళ్తుందో రాసి ఉంటుంది, ఎక్కగానే చూడండి. పొట్టి ప్లాట్‌ఫారాల దగ్గర ‘ముందు నాలుగు పెట్టెల వాళ్లే దిగాలి’ అని కూడా చెప్తారు. తలుపు దానంతట అది తెరుచుకోకపోవచ్చు, వెలుగుతున్న బటన్ నొక్కాలి. బండి కదలడానికి అర నిమిషం ముందే తలుపులు మూసేస్తారు. పరిగెత్తి పట్టుకుని ఎక్కడం ఇక్కడ కుదరదు.

నాలుగో అడుగు: సంచి

జూలైలో వెళ్లినా గాలికి ఆగే జాకెట్ పెట్టుకోండి. ససెక్స్ తీరంలో ఎక్కువ చోట్ల ఇసుక బదులు గులకరాళ్లు ఉంటాయి, చెప్పులతో నడవలేరు. చిన్న స్టేషన్లలో టాయిలెట్ ఉండకపోవచ్చు, ఉన్నా తాళం వేసి ఉండొచ్చు. బండిలో ఉన్నప్పుడే పని చూసుకోండి. సీఫర్డ్ లైను మీద 2023 దాకా తిరిగిన పాత బండ్లలో అది కూడా ఉండేది కాదు. ఇప్పుడు ఆ ఇబ్బంది తీరింది.

తిండికి పులిహోర, పెరుగన్నం లాంటివి కట్టుకెళ్లండి. నిశ్చింతగా ఉంటుంది. బయట చిప్స్ తినాలనుకుంటే, శాకాహారులు, గొడ్డుమాంసం తిననివాళ్లు ఏ నూనెలో వేయిస్తున్నారో తప్పకుండా అడగాలి. దక్షిణాదిన చాలా దుకాణాల్లో వంటనూనే వాడతారు, కానీ కొన్నిచోట్ల ఎద్దు కొవ్వు వాడతారు. ఇది చాలామందికి ఏళ్ల తరబడి ఇక్కడున్నా తెలియదు. బీచ్‌లో తినేటప్పుడు సీగల్స్ వెనక నుంచి వచ్చి చేతిలోది తన్నుకుపోతాయి, గోడకు వీపు ఆనించి కూర్చోండి.

జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దు గుంకదు. డిసెంబరులో నాలుగింటికే చీకటి. మొదటిసారి మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి.

అయిదో అడుగు: ఒక రోజు నడిచి చూద్దాం

ఇది విక్టోరియా నుంచి సీఫర్డ్ దాకా. పొద్దున తొమ్మిది ప్రాంతంలో బయల్దేరితే చాలు.

బాల్‌కూమ్ స్టేషన్ దాటిన కాసేపటికి కిటికీకి రెండు వైపులా నేల ఒక్కసారి కిందికి జారిపోతుంది. అది ఊజ్ లోయ వంతెన. 1841 నాటిది. 37 కమానులు, 1,475 అడుగుల పొడవు, 96 అడుగుల ఎత్తు. కోటీ పది లక్షలకు పైగా ఇటుకలు పట్టాయి. వాటిలో చాలావరకు కింద పారే ఊజ్ నది మీదే పడవల్లో తెచ్చారు. బండిలోంచి కమానులు కనబడవు. అవి చూడాలంటే ఇంకో రోజు బాల్‌కూమ్‌లో దిగి పల్లెదారిన నడిచి కిందికి వెళ్లాలి. ఈ రోజుకి ఆ నది పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్లీ కలుస్తుంది.

లూయిస్‌కి గంటకు కాస్త పైగా పడుతుంది. సీఫర్డ్ బండి అక్కడ మారాలి. స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలు చీలిన కొమ్మలా రెండు వైపులకు విడిపోతాయి. ఒకవైపు లండన్ లైను, ఒకవైపు బ్రైటన్ లైను. పైన పచ్చటి గుట్టలు. మీ బండి అరగంట తర్వాత ఉంటే ఊళ్లోకి ఎక్కి కోట చూసి రావచ్చు కానీ నేనైతే ఇక్కడ ఆగను, ముందున్నది ఇంకా బాగుంటుంది.

సీఫర్డ్ బండిలో కుడివైపు కూర్చోండి. నదీ, ఆ తర్వాత సముద్రమూ అటే ఉంటాయి.

మొదటి స్టేషన్ సౌతీజ్. ఇక్కడ దిగండి. టికెట్ కౌంటర్ లేదు, ఊరు కూడా కనబడదు. రెండు ప్లాట్‌ఫారాలు, ఒక లెవెల్ క్రాసింగ్, చుట్టూ గడ్డి మైదానాలు, వెనక సౌత్ డౌన్స్ గుట్టలు. గుట్టల మీదుగా వచ్చే సౌత్ డౌన్స్ వే అనే నడకదారి ఈ స్టేషన్ పక్కనుంచే పోతుంది. అందుకే దిగేవాళ్లలో ఎక్కువమంది భుజాన సంచులున్న నడకవాళ్లే. బండి వెళ్లాక పడమటి వైపు దారి పట్టండి. కొద్ది నిమిషాల్లో పాత ఇనుప వంతెన వస్తుంది. కింద పారేది పొద్దున మీరు అంత ఎత్తు నుంచి దాటిన ఊజ్ నదే.

వంతెన మీద అయిదు నిమిషాలు నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. సముద్రపు పోటు ఈ నదిలో ఇక్కడికీ, ఇంకా పైకీ వస్తుంది. నీళ్లు ఉత్తరానికి, అంటే లోపలికి పోతుంటే పోటు వస్తోందన్నమాట. దక్షిణానికి పోతుంటే ఆటు. మధ్యాహ్నం మీరు చూడబోయే బీచ్ ఎంత వెడల్పుగా ఉంటుందో ఇక్కడే అంచనా వేయొచ్చు. కోనసీమలో ఏటిపాయల దగ్గర పెరిగినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ వంతెన మీద నిలబడితే వాళ్లకు ఊరు గుర్తొస్తుంది.

వంతెన దాటి ఇంకా నడిస్తే సౌతీజ్ పల్లె. నాలుగైదు ఇళ్లు, గుండ్రటి బురుజు ఉన్న ఒక చిన్న పాత చర్చి. ససెక్స్‌లో గుండ్రటి బురుజు చర్చిలు చాలా అరుదు, ఉన్నవి ఈ నది పక్కనే ఉన్నాయి. చూసి, కాసేపు కూర్చుని, తర్వాతి బండికి తిరిగి రావడానికి గంట హాయిగా సరిపోతుంది.

తర్వాత న్యూహేవెన్ టౌన్, న్యూహేవెన్ హార్బర్. ఫ్రాన్స్‌లోని డియెప్ రేవుకు ఫెర్రీ ఇక్కడి నుంచే పోతుంది. ఒకప్పుడు లండన్ నుంచి పారిస్ వెళ్లేవాళ్లు ఇక్కడిదాకా బండిలో వచ్చి ఓడ ఎక్కేవాళ్లు. ఇప్పుడు చుట్టూ గోదాములు. దిగక్కర్లేదు. హార్బర్ దాటాక లైను ఒకటే పట్టా అవుతుంది, తూర్పుకు తిరుగుతుంది.

బిషప్‌స్టోన్‌లో తప్పక దిగండి. ఈ లైను మొత్తంలో నాకు బాగా నచ్చిన భవనం ఇదే. 1938లో సదరన్ రైల్వే కట్టించింది, ఆర్కిటెక్ట్ జేమ్స్ రాబ్ స్కాట్. మధ్యలో ఎనిమిది పలకల ఎత్తైన హాలు, ఇటుక గోడలు, నిలువు కిటికీల్లోంచి దిగే వెలుతురు. చుట్టూ పెద్ద కాలనీ వస్తుందని ఆశపడి ఇంత స్టేషన్ కట్టారు. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. 1940లో జర్మన్లు ఈ తీరం మీద దిగుతారన్న భయం మొదలైనప్పుడు స్టేషన్ పైకప్పు మీద రెండు తుపాకీ గూళ్లు కట్టారు. దూరం నుంచి చూస్తే భవనంలో భాగమే అనిపించేలా ఇటుకతో కలిపేశారు. రోడ్డు మీదికి వెళ్లి, వెనక్కి తిరిగి, పైకప్పు అంచును నిదానంగా చూస్తే సన్నటి చీలికల్లాంటి కన్నాలు కనబడతాయి. ఎంతోమంది రోజూ ఇక్కడ బండెక్కుతూ కూడా వాటిని గమనించి ఉండరు. భవనం ఇప్పుడు రక్షిత కట్టడాల జాబితాలో ఉంది.

ఇక్కడి నుంచి సముద్రం వైపు దిగి న్యూహేవెన్ వైపు తిరిగితే టైడ్ మిల్స్ అనే పాడుబడ్డ పల్లె ఆనవాళ్లు ఉంటాయి. పోటు నీళ్లను కట్టగట్టి ఆపి, ఆటు సమయంలో వదిలి తిరగళ్లు తిప్పిన మిల్లు చుట్టూ 18వ శతాబ్దంలో పుట్టిన ఊరు అది. 1930లలో నివాసయోగ్యం కాదని తేల్చారు, యుద్ధం మొదలయ్యేనాటికి జనాన్ని ఖాళీ చేయించారు. మోకాలెత్తు గోడలు మిగిలాయి. 1864 నాటి మొదటి బిషప్‌స్టోన్ స్టేషన్ కూడా అక్కడే ఉండేది, దాని పాత ప్లాట్‌ఫారం ఇంకా కనిపిస్తుంది. ఊరు పోయినా, స్టేషన్ పోయినా బండి మాత్రం పక్కనుంచి వెళ్తూనే ఉంటుంది.

టైడ్ మిల్స్ చూశాక మళ్లీ బండెక్కకండి. సముద్రం ఒడ్డునే తూర్పుగా నడిస్తే సీఫర్డ్ వచ్చేస్తుంది. బిషప్‌స్టోన్ దగ్గర నుంచైతే ముప్పావు గంట లోపే. రెండు స్టేషన్ల మధ్య ఇలా ఒక్కసారైనా నడిస్తే లైను మొత్తం అర్థమవుతుంది.

సీఫర్డ్ చివరి స్టేషన్. ఇక్కడి బీచ్ ఒక్కసారిగా లోతవుతుంది, అల వెనక్కి లాగే జోరు ఎక్కువ. అలలు గట్టిగా ఉన్న రోజు పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు, అంచున కూడా చెయ్యి వదలొద్దు. నెపోలియన్ దండెత్తుతాడని 1800ల మొదట్లో కట్టిన మార్టెల్లో బురుజుల్లో 74వది ఒడ్డునే ఉంది. లోపల ఊరి మ్యూజియం ఉంది. ఓపికుంటే తూర్పున సీఫర్డ్ హెడ్ గుట్ట ఎక్కండి, సెవెన్ సిస్టర్స్ తెల్లటి సుద్ద కొండలు వరసగా కనబడతాయి. ఆ సుద్ద ఎప్పుడు విరిగిపడుతుందో తెలియదు. అంచుకు దూరంగా ఉండండి, కొండ కింద కూడా కూర్చోవద్దు.

తిరుగుదారిలో బ్రైటన్, మన సైనికులు

సీఫర్డ్ నుంచి చాలా బండ్లు నేరుగా బ్రైటన్‌కి పోతాయి. మీ టికెట్టు ఆ దారికి చెల్లుతుందో లేదో అడిగి, వీలుంటే అటు రండి, లేదా దానికి ఇంకో రోజు పెట్టుకోండి. బ్రైటన్ చిన్న స్టేషన్ కాదు. కానీ 1880లలో వేసిన ఆ వంపు తిరిగిన ఇనుము, అద్దాల కప్పు కింద భారతీయులు ఒకసారి నిలబడాలని నా కోరిక. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడ్డ మన సైనికులను 1914 డిసెంబరు నుంచి ఆసుపత్రి రైళ్లలో ఈ స్టేషన్‌కే తెచ్చారు. ఒకప్పటి రాజభవనమైన రాయల్ పెవిలియన్‌ను వాళ్లకు ఆసుపత్రిగా మార్చారు. కులమతాల ఆచారాలకు భంగం రాకుండా తొమ్మిది వంటశాలలు, హిందువులకూ ముస్లింలకూ వేరువేరు నీటి కుళాయిలు ఏర్పాటు చేశారు. చనిపోయిన హిందూ, సిక్కు సైనికుల్లో 53 మందిని ఊరి బయట గుట్టల మీద దహనం చేశారు. అదే చోట 1921లో తెల్లటి పాలరాతి ఛత్రి కట్టారు. ప్యాచమ్ దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి గుట్ట ఎక్కాలి. దారిలో గొర్రెలు మేస్తుంటాయి, పైన గాలి తప్ప చప్పుడు ఉండదు. మీ దగ్గర పూలుంటే తీసుకెళ్లండి.

ఆరో అడుగు: ప్లాట్‌ఫారం మీద ఏం చూడాలి

దిగగానే ఫోన్ తీయకుండా బండి కనుమరుగయ్యేదాకా ఆగండి. తర్వాత పై నుంచి కిందికి చూసుకుంటూ రండి.

చూరు అంచున పంటి వరసలా వేలాడే చెక్క జాలరు ఉంటే అది చాలావరకు విక్టోరియా కాలపు పని. దాన్ని మోసే ఇనుప స్తంభాల తలకట్టు మీద పూలు, ఆకులు పోతపోసి ఉంటాయి. కాంక్రీటు ఫుట్‌బ్రిడ్జి, కాంక్రీటు దీపస్తంభాలు, కాంక్రీటు కంచె కనిపిస్తే సదరన్ రైల్వే గుర్తొచ్చినట్టే. 1923 నుంచి 1947 చివరి దాకా నడిచిన ఆ కంపెనీ ఎక్సెటర్ దగ్గర తన సొంత కార్ఖానాలో వాటిని పోతపోసి దక్షిణాది అంతా పంపింది.

తల ఎత్తితే కరెంటు తీగలు కనబడవు. మన దగ్గర లాగా పైన తీగ ఉండదు, పట్టాల పక్కన నేల మీదే మూడో పట్టా ఉంటుంది. అందులో 750 వోల్టుల కరెంటు ఎప్పుడూ ఉంటుంది. బ్రైటన్ లైనుకు 1933లో, సీఫర్డ్, ఈస్ట్‌బోర్న్, హేస్టింగ్స్ వైపు 1935లో ఇది వచ్చింది. పిల్లలకు ఈ మాట బండెక్కకముందే చెప్పండి. మన ఊళ్లలో పట్టాలు దాటే అలవాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది. బంతి పడినా, ఫోన్ పడినా దిగొద్దు. ప్లాట్‌ఫారం మీద హెల్ప్ పాయింట్ బటన్ నొక్కి చెప్పండి.

ఫొటోలు తీసుకోవడానికి సాధారణంగా అభ్యంతరం లేదు. ఫ్లాష్ వాడొద్దు, డ్రైవరు కళ్లలో పడుతుంది. స్టాండు వేసి దారికి అడ్డం పెట్టొద్దు. పసుపు గీత వెనకే ఉండండి. సిబ్బంది ఉన్న స్టేషన్ అయితే ముందు వాళ్లను పలకరించి చెప్పండి, చాలామంది సంతోషంగా స్టేషన్ కథలు చెప్తారు. పూలకుండీలకు నీళ్లు పోసేవాళ్లు కనిపిస్తే వాళ్లు చాలావరకు ఊరి స్వచ్ఛంద సేవకులే, వాళ్లతో తప్పక మాట్లాడండి.

భవనాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు కెంట్‌లో మార్గేట్, రామ్స్‌గేట్ స్టేషన్లు ఉన్నాయి. రెండూ 1926 నాటివి, రూపకల్పన మాక్స్‌వెల్ ఫ్రైది. అప్పటికి ఆయన ఇంకా కుర్రాడు. ఈయనే పాతికేళ్ల తర్వాత చండీగఢ్ నిర్మాణంలో పనిచేశారు.

అలవాటయ్యాక

ఈస్ట్‌బోర్న్ నుంచి హేస్టింగ్స్ వైపు వెళ్లే లైనులో కూడా కుడివైపే కూర్చోవాలి. కూడెన్ బీచ్ స్టేషన్‌లో దిగితే రోడ్డు దాటగానే సముద్రం. బెక్స్‌హిల్‌లో 1935 నాటి డి లా వార్ పెవిలియన్ అనే కళాభవనం నడక దూరంలో ఉంది. హేస్టింగ్స్‌లో వలలు ఆరబెట్టడానికి కట్టిన ఎత్తైన నల్లటి చెక్క గదులు, ఒడ్డు మీదికే లాగిన చేపల పడవలు చూడండి. అక్కడి నుంచి ఆష్‌ఫర్డ్‌కి పోయే లైనుకు మూడో పట్టా లేదు, డీజిల్ బండ్లు. దారిలో రై. రెండు వైపుల బండ్లూ అక్కడ క్రాసింగ్ కోసం ఆగుతాయి. సింగిల్ లైను మీద ఎదురు బండి కోసం ఆగడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటే. ఇక్కడ అది చూడ్డానికే రై స్టేషన్‌లో నిలబడొచ్చు.

వైట్ ద్వీపానికి పోర్ట్స్‌మత్ హార్బర్ స్టేషన్ నుంచి వెళ్లాలి. ఆ స్టేషనే నీళ్ల మీద కట్టింది. బండి దిగి ఓడ ఎక్కితే ఇరవై నిమిషాల పైచిలుకులో రైడ్ పియర్ చివర దిగుతారు, అక్కడే మళ్లీ బండి. లండన్ నుంచి రైడ్‌కి ఓడతో కలిపి ఒకే టికెట్టు దొరుకుతుంది. రైడ్ సొరంగం ఎత్తు తక్కువ, మామూలు పెట్టెలు పట్టవు. అందుకని 1967 నుంచి లండన్ ట్యూబ్ పాత పెట్టెలనే ఇక్కడ నడుపుతున్నారు. 1938 నాటి పెట్టెలు 2021 జనవరి దాకా తిరిగాయి. ఇప్పుడు తిరిగేవి కూడా డిస్ట్రిక్ట్ లైన్ పాత పెట్టెల నుంచి తయారుచేసినవే. దారిలో స్మాల్‌బ్రూక్ జంక్షన్‌కి రోడ్డే లేదు. అక్కడికి వచ్చే పాతకాలపు ఆవిరి బండిలోకి మారడానికి తప్ప ఇంకెందుకూ అక్కడ దిగరు.

డెవన్‌లో డాలిష్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంజినీరు బ్రూనెల్ 1846లో సముద్రపు గోడ మీద లైను వేశాడు. 2014 ఫిబ్రవరి తుఫానులో ఆ గోడ తెగి పట్టాలు గాలిలో వేలాడాయి. రెండు నెలలు శ్రమించి ఏప్రిల్ 4న మళ్లీ బండ్లు నడిపారు, తర్వాత ఇంకా ఎత్తైన గోడ కట్టారు. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడితే అల తుంపర ముఖాన పడే రోజులుంటాయి. గోడ పక్కన నడకదారి ఉంది, పోటు మీద ఉన్నప్పుడు కొన్నిచోట్ల నీళ్లు కమ్మేస్తాయి కాబట్టి ఆటుపోట్ల వేళలు చూసుకోకుండా నడవొద్దు. ఎక్సెటర్ వైపు స్టార్‌క్రాస్ స్టేషన్ పక్కనే ఎర్రటి ఇంజిన్ హౌస్ నిలిచి ఉంది. ఇంజిన్ లేకుండా గొట్టంలో గాలి ఒత్తిడితో బండిని లాగించాలని బ్రూనెల్ చేసిన ప్రయత్నానికి గుర్తు అది. గొట్టం మూతకు వాడిన తోలు నిలవక 1848లోనే ఆపేశారు.

కార్న్‌వాల్‌కి ఒక్క రోజులో వెళ్లిరావడం కష్టం, పెంజాన్స్‌కే అయిదు గంటల పైన పడుతుంది. రెండు రాత్రులు పెట్టుకోండి. సెయింట్ ఎర్త్ నుంచి సెయింట్ ఐవ్స్‌కి నాలుగుంపావు మైళ్లే, కుడివైపు కిటికీలో ముందు ఏటి బురద నేలలు, తర్వాత తెల్లటి ఇసుక, నీలి నీళ్లు. లూ లైనుకు లిస్కార్డ్‌లో విడిగా, అడ్డంగా ఒక ప్లాట్‌ఫారం ఉంటుంది. బండి కింద లోయలోకి దిగి, కూమ్ దగ్గర ఆగి, డ్రైవరు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్లాక వెనక్కి తిరిగి లూ వైపు సాగుతుంది. మధ్యలో చిన్న స్టేషన్లు అడిగితేనే ఆగేవి. దిగాలంటే ఎక్కగానే సిబ్బందికి చెప్పాలి. ఎక్కాలంటే ప్లాట్‌ఫారం మీద డ్రైవరుకు కనబడేలా నిలబడి, మన ఊళ్లో బస్సును ఆపినట్టే చెయ్యి చాచాలి.

ఏ లైనుకు వెళ్లినా చివరి బండి టైం, దానికి ముందు బండి టైం కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా అది ఉంటుంది. ముందు బండికే తిరిగొచ్చేలా చూసుకోండి. చివరిది రద్దయితే ప్లాట్‌ఫారం మీద హెల్ప్ పాయింట్‌లో నీలం బటన్ నొక్కి, స్టేషన్ పేరు, ఎంతమంది ఉన్నారో, చేతిలో ఏ ఊరికి టికెట్టు ఉందో చెప్పండి. బండి రద్దయి ఇరుక్కున్నవాళ్లను గమ్యానికి చేర్చే ఏర్పాటు చేయడం రైల్వే వాళ్ల బాధ్యత. అవతలి గొంతు మీకు ఏం చేయాలో చెప్పేదాకా అక్కడి నుంచి కదలొద్దు.